స్వహస్తం - ఆగమం: ప్రముఖుల సంతకాల ప్రామాణ్య నిర్ణయ చరిత్ర

వ్యాససంగ్రహం:

ప్రముఖులు చేసిన సంతకాలు నేడు సేకర్తల అభిరుచికి, వ్యాపారానికి, చరిత్ర రచనకు కూడా సంబంధించిన వస్తువులు. ఒక సంతకాన్ని కొనే ముందు అది ఆ వ్యక్తి స్వయంగా చేసిందేనా అని తేల్చుకోవడానికి గత రెండు శతాబ్దాలకు పైగా రకరకాల పరీక్షలు ఏర్పడ్డాయి. ఏర్పడిన ప్రతి పరీక్షనూ నకిలీకారులు ఎక్కడో ఒకచోట ఓడించారు. లండన్, పారిస్, హాంబర్గ్, అమెరికాలలో జరిగిన కొన్ని ప్రసిద్ధ ఉదంతాల ఆధారంగా ఈ పరీక్షల బలాన్నీ, పరిమితినీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. సందేహాస్పదమైన పత్రాన్ని శోధించడానికి యాజ్ఞవల్క్యస్మృతి, దాని వ్యాఖ్య మితాక్షర చెప్పిన ప్రమాణాలను ఇందుకు చట్రంగా స్వీకరించడమైంది. సంతకం ఆకారం కంటె అది చేతులు మారి వచ్చిన మార్గమే బలమైన ప్రమాణమని ఈ పరిశీలన తేలుస్తుంది.

కీలకపదాలు: చేవ్రాలు, స్వహస్తం, కూటలేఖ్యం, నమూనా సంతకం, యంత్రసంతకం, ప్రమాణపత్రం, ఆగమం.

1. ఉపోద్ఘాతం:

సంతకానికి తెలుగులో 'చేవ్రాలు' అనే పాత మాట ఉంది. చేతితో చేసిన వ్రాత అని దాని అర్థం. కచ్చేరీల ద్వారా తెలుగులోకి వచ్చిన 'దస్తఖత్తు' ఫారసీ మాట. 'దస్త్' అంటే చేయి, 'ఖత్' అంటే రాత. రెండు భాషలూ చేతినే ముందు నిలిపాయి. గ్రీకు మూలం నుండి వచ్చిన 'ఆటోగ్రాఫ్' అనే మాటలో మాత్రం చేయి లేదు, 'తాను' ఉన్నాడు. తానే రాసినది అని ఆ మాటకు అర్థం. ప్రముఖుల సంతకాల విషయంలో తలెత్తే చిక్కంతా ఈ రెండు అర్థాల నడుమనే ఉంది. కాగితం మీద ఒక చేయి రాసిన మాట కంటికి కనిపిస్తుంది. ఆ చేయి ఎవరిదన్నది కనిపించదు.

సంతకం ఎప్పుడూ వ్యక్తి పేరే కానక్కరలేదు. విజయనగర రాజుల తామ్రశాసనాలు చాలావాటి చివర 'శ్రీ విరూపాక్ష' అని కన్నడ లిపిలో ఉంటుంది. అది రాజు చేవ్రాలు. అక్కడ దైవనామం రాజాధికారానికి గుర్తు. ఆధునికకాలంలో నటుడో, క్రీడాకారుడో, రచయితో చేసే సంతకానికి అటువంటి అధికారం లేదు. దాని విలువ అంతా ఒక విశ్వాసం మీద నిలిచి ఉంది. ఈ కాగితాన్ని ఆ మనిషి ఒక క్షణం ముట్టుకున్నాడన్నదే ఆ విశ్వాసం. అది తప్పని తేలితే కొన్నవాని ధనం పోతుంది. ఆ కాగితం ఒక గ్రంథాలయానికో, పరిశోధకునికో చేరితే చరిత్ర కూడా చెడుతుంది. అందువల్ల ఇది సేకర్తలకు మాత్రమే పరిమితమైన సమస్య కాదు.

2. సందిగ్ధలేఖ్యం - ధర్మశాస్త్ర దృష్టి:

పత్రం నిజమైనదా అన్న ప్రశ్న భారతీయ వ్యవహారశాస్త్రానికి కొత్తది కాదు. యాజ్ఞవల్క్యస్మృతిలోని వ్యవహారాధ్యాయం లేఖ్యాన్ని సాక్షితో, భుక్తితో పాటు ఒక ప్రమాణంగా గుర్తించింది. లేఖ్యం సందేహాస్పదమైనప్పుడు దానిని ఎలా శోధించాలో కూడా చెప్పింది. విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో ఆ ప్రమాణాలను ఒక్కొక్కటిగా వివరించాడు. ఈ గ్రంథాన్ని కేతన 13వ శతాబ్దిలోనే 'విజ్ఞానేశ్వరీయము' పేరుతో తెలుగు చేసిన సంగతి సాహిత్య విద్యార్థులకు తెలిసినదే.

ఆ ప్రమాణాల సారాంశం ఇది. మొదటిది, ఆ వ్యక్తి స్వహస్తంతో రాసిన మరొక రాతతో పోల్చి చూడటం. రెండవది, ఆ దేశంలో, ఆ కాలంలో, ఆ మనిషికి ఆ వస్తువుతో సంబంధం పొసగుతుందా అని యుక్తితో ఆలోచించడం. మూడవది, సాక్షులను విచారించడం. నాల్గవది, ఆ వ్యక్తి మాత్రమే వాడే శ్రీకారం వంటి అసాధారణ చిహ్నాలను గమనించడం. ఐదవది, ఇరుపక్షాల నడుమ అంతకుముందు నుండి ఇచ్చిపుచ్చుకొనే సంబంధం ఉందా అని చూడటం. ఆరవది ఆగమం. ఆ వస్తువు ఆ మనిషికి ఏ మార్గాన వచ్చి ఉండవచ్చుననే విచారణ అది.

ఈ నియమాలు అప్పుపత్రాల కోసం ఏర్పడినవి. అభిమానులు దాచుకొనే సంతకాల కోసం కాదు. అయినా, పాశ్చాత్య విపణి రెండు శతాబ్దాలలో నష్టపోయి నేర్చుకున్న పాఠాలను ఈ ఆరు ప్రమాణాల కింద అమర్చి చూస్తే ఏ పరీక్ష ఎక్కడ విఫలమైందో స్పష్టమవుతుంది.

3. దేశకాలయుక్తి - లండన్, పారిస్ ఉదంతాలు:

1790ల మధ్యలో లండన్‌లో విలియం హెన్రీ ఐర్లండ్ అనే యువకుడు షేక్‌స్పియర్ చేతిరాతలంటూ వరుసగా పత్రాలు బయటపెట్టాడు. పాత పుస్తకాలలోని ఖాళీ కాగితాలు సంపాదించి, ప్రత్యేకంగా కలిపించుకున్న సిరాతో రాసి, నిప్పు సెగ చూపించి వాటికి ప్రాచీనత తెచ్చాడు. అతని తండ్రి శామ్యూల్ ఐర్లండ్ వాటిని నిజమైనవని నమ్మి ఇంటిలో ప్రదర్శనకు పెట్టాడు. జీవితచరిత్ర రచయిత జేమ్స్ బాస్వెల్ వాటి ముందు మోకరిల్లి ముద్దుపెట్టుకున్నాడు.

షేక్‌స్పియర్ పరిశోధకుడు ఎడ్మండ్ మలోన్ 1796 మార్చి చివర 400 పుటలకు పైబడిన విమర్శ గ్రంథాన్ని ప్రచురించి ఆ పత్రాలను ఖండించాడు. మలోన్ అక్షరాల ఆకారం దగ్గరే ఆగలేదు. ఆ పత్రాలలోని వర్ణక్రమం ఆ కాలానిది కాదన్నాడు. ఎలిజబెత్ రాణి రాసినట్లు చెప్పిన లేఖలో లెస్టర్ ప్రభువు ప్రస్తావన ఉంది. లేఖ మీది చిరునామా గ్లోబ్ నాటకశాలది. లెస్టర్ 1588లో మరణించాడు. గ్లోబ్ 1599లో వెలసింది. మితాక్షర చెప్పిన దేశకాలయుక్తి ఇక్కడ పనిచేసింది. మలోన్ గ్రంథం వెలువడిన కొద్దిరోజులకే, ఏప్రిల్ 2న, షేక్‌స్పియర్ రచనగా చెప్పిన 'వోర్టిజెర్న్' నాటకం డ్రూరీలేన్ రంగస్థలం మీద నవ్వులపాలైంది. పండితులు సాధారణంగా అంగీకరించే షేక్‌స్పియర్ సంతకాలు నేటికీ ఆరే. పోల్చడానికి నమూనాలు ఇంత తక్కువగా ఉన్నచోట యుక్తి ప్రమాణానికే బరువు ఎక్కువ.

పారిస్‌లో జరిగింది ఇంకా విచిత్రం. ప్రసిద్ధ గణితవేత్త మిషెల్ షాల్ 1860లలో వ్రాఁ-లూకా అనే వ్యక్తి దగ్గర సుమారు 27,000 లేఖలు కొన్నాడు. అందుకు లక్షా నలభై వేల ఫ్రాంకుల దాకా వెచ్చించాడు. వాటిలో క్లియోపాత్రా, మేరీ మగ్దలీనా రాసిన లేఖలు కూడా ఉన్నాయి. అన్నీ ఫ్రెంచి భాషలో, కాగితం మీద ఉన్నాయి. గురుత్వాకర్షణ సూత్రాన్ని న్యూటన్ కంటె ముందు పాస్కల్ కనుగొన్నాడని చూపే లేఖలను 1867లో షాల్ ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ ముందుంచాడు. వివాదం చెలరేగింది. 1870లో వ్రాఁ-లూకాకు రెండేళ్ల శిక్ష పడింది.

ఇంతటి గణితవేత్త ఈజిప్టు రాణి ఫ్రెంచిలో ఉత్తరం రాస్తుందా అని ఎందుకు అడగలేదు? పాస్కల్‌కు ఘనత దక్కాలనే కోరిక ఆ ప్రశ్నను రానీయలేదు. కొనేవాడు దేనిని కోరుతున్నాడో తెలుసుకొని అదే తయారుచేసి ఇవ్వడం నకిలీకారుని ప్రధాన విద్య. చేతిరాతను అనుకరించడం అతని రెండవ విద్య మాత్రమే.

4. స్వహస్త పోలిక - ఆకారం, గమనం:

నమూనాతో పోల్చడమంటే ఎక్కువ పోలిక ఉంటే నిజం, తక్కువ ఉంటే నకిలీ అని సాధారణంగా భావిస్తారు. 1860ల చివర అమెరికాలో నడిచిన హౌలండ్ వీలునామా కేసు ఈ భావనను తలకిందులు చేసింది. సిల్వియా ఆన్ హౌలండ్ అనే ధనికురాలి వీలునామాకు అనుబంధంగా వచ్చిన పత్రం మీది సంతకం, అసలు వీలునామా మీది సంతకంతో గీతకు గీత సరిపోయింది. గణితవేత్త బెంజమిన్ పియర్స్, ఆయన కుమారుడు చార్లెస్ పియర్స్ ఆమె నిజమైన సంతకాలు 42 తీసుకొని, వాటిని జంటలుగా 861 విధాల పోల్చారు. సంతకంలో కిందికి దిగే గీతలు 30. ఒక జంటలో ఏదైనా ఒక గీత సరిగ్గా కలిసే అవకాశం సుమారు ఐదింట ఒకటి అని తేలింది. ముప్ఫై గీతలూ ఒకేసారి కలవడం సహజంగా జరగదని బెంజమిన్ పియర్స్ సాక్ష్యమిచ్చాడు. న్యాయస్థానం వేరే చట్టపరమైన కారణం మీద తీర్పు చెప్పింది. కానీ ఆ సూత్రం నిలిచింది. ఏ మనిషీ తన సంతకాన్ని రెండుసార్లు అచ్చంగా ఒకేలా చేయడు. రెండు సంతకాలు ఒకదానిమీద ఒకటి పెట్టినప్పుడు పూర్తిగా కలిస్తే, కనీసం ఒకటి అనుమానించదగినది.

1910లో ఆల్బర్ట్ ఆస్బర్న్ వివాదాస్పద పత్రాల మీద ప్రచురించిన గ్రంథం ఈ శాస్త్రానికి పునాది వేసింది. ఆకారం కంటె గమనం ముఖ్యమని ఈ శాస్త్రం బోధిస్తుంది. అలవాటైన చేయి వేగంగా కదులుతుంది. గీత మొదలయ్యేచోట, ముగిసేచోట సన్నబడుతుంది. ఒత్తిడి ఒకచోట పెరిగి మరొకచోట తగ్గుతుంది. అనుకరించే చేయి బొమ్మ గీసినట్లు నెమ్మదిగా సాగుతుంది. గీతలో సన్నని వణుకు, మొదట్లోనూ చివరా మొద్దుతనం, కలం ఎత్తనవసరం లేనిచోట ఎత్తిన గుర్తు కనిపిస్తాయి. ఇవి భూతద్దంతో కూడా కొంతవరకు తెలుస్తాయి. అయితే ముసలితనం వల్ల, జబ్బు వల్ల వచ్చే వణుకు నిజమైన సంతకంలోనూ ఉంటుంది. కాబట్టి నమూనా అదే కాలానిదై ఉండాలి.

ఒకే మనిషి రాతలో ఎంత భేదం ఉండవచ్చునో గాంధీజీ 'హింద్ స్వరాజ్' రాతప్రతి చూపుతుంది. 1909లో ఓడ ప్రయాణంలో రాసిన ఆ 275 పుటల ప్రతిలో సుమారు 40 పుటలు ఆయన ఎడమచేతితో రాశారు. కుడిచేయి అలసినప్పుడు ఎడమచేయి పని అందుకుంది. రెండూ స్వహస్తాలే. ఈ సంగతి తెలియని వ్యక్తి ఒక చేతి రాతను నమూనాగా పెట్టుకొంటే రెండవ చేతి రాతను నకిలీ అనే ప్రమాదం ఉంది.

5. నమూనాల కాలుష్యం:

పోలిక పరీక్షకు మరొక బలహీనత ఉంది. పోల్చడానికి తీసుకున్న నమూనా నిజమైనదై ఉండాలి. 1983 ఏప్రిల్‌లో హాంబర్గ్‌కు చెందిన 'ష్టెర్న్' పత్రిక హిట్లర్ దినచర్యలు దొరికాయని ప్రకటించింది. 60కి పైబడిన సంపుటాల కోసం 93 లక్షల మార్కులు చెల్లించింది. ప్రచురణకు ముందు చేతిరాత నిపుణులు వాటిని పోల్చి చూసి నిజమైనవే అన్నారు. వారి పోలికలో దోషం లేదు. నిపుణులకు ఇచ్చిన నమూనాలలో కొన్ని ఆ దినచర్యలను తయారుచేసిన కోన్రాడ్ కుయావు చేతిలోనే పుట్టినవి. ఒకే చేతి రాతను అదే చేతి రాతతో పోల్చారు. అందువల్ల రెండూ కలిశాయి.

చివరకు మే 6న జర్మన్ సమాఖ్య ప్రభుత్వ ప్రాచీన పత్రాగారం అవి నకిలీవని ప్రకటించింది. కాగితంలో రెండవ ప్రపంచయుద్ధం తరువాతనే వాడుకలోకి వచ్చిన తెల్లబరిచే రసాయనం దొరికింది. హిట్లర్ పేరు మొదటి అక్షరాలుగా అట్టమీద అంటించిన గోథిక్ అక్షరాలలో 'ఎ' ఉండవలసిన చోట 'ఎఫ్' ఉందన్నది అందరి కళ్లముందూ ఉండి ఎవరికీ పట్టని సాక్ష్యం. మితాక్షర చెప్పిన చిహ్నపరీక్ష చేసివుంటే అట్ట దగ్గరే అనుమానం కలిగేది.

దీనికి పుష్కరం ముందు, 1971లో, హవర్డ్ హ్యూస్ అనే అమెరికన్ కోటీశ్వరుని ఆత్మకథ పేరుతో క్లిఫర్డ్ ఇర్వింగ్ చేసిన మోసంలోనూ నిపుణులు పొరబడ్డారు. ఇర్వింగ్ రాసిన నకిలీ లేఖలను ఆస్బర్న్ వారసులు నడుపుతున్న సంస్థ నిజమైనవని ధ్రువీకరించింది. 1972 జనవరిలో హ్యూస్ స్వయంగా ఫోనులో విలేకరులతో మాట్లాడి ఇర్వింగ్ ఎవరో తనకు తెలియదన్నాడు. శాస్త్రానికి పునాది వేసిన పేరు కూడా తప్పుకు అతీతం కాదని ఆ ఉదంతం రుజువు చేసింది.

6. పత్రద్రవ్యం - కాగితం, సిరా, కలం:

కాగితం, సిరా చాలా నకిలీలను పట్టించాయి. బాల్‌పాయింట్ కలం అమెరికా విపణిలోకి 1945లో వచ్చింది. ఫోటోల మీద, బంతుల మీద సంతకాలకు ఎక్కువగా వాడే షార్పీ అనే మార్కరు కలం 1964లో వచ్చింది. 1941లో మరణించిన రవీంద్రనాథ ఠాగూరు పేరిట బాల్‌పాయింట్ సంతకం కనిపిస్తే మరే పరీక్షా అక్కరలేదు. మడత పడిన పాతకాగితం మీద సిరా మడత పీచులోకి ఇంకి ఉంటే, సంతకం మడత పడిన తరువాత చేసిందని తెలుస్తుంది. భూతద్దంలో చిన్న చిన్న చుక్కలు కనిపిస్తే అది అచ్చుసంతకం.

అయితే పత్రద్రవ్యం సరిపోయినంత మాత్రాన సంతకం నిజం కాదు. ఐర్లండ్ వలెనే, 20వ శతాబ్దిలో మార్క్ హోఫ్‌మన్ కూడా పాత పుస్తకాల ఖాళీ పుటలనే వాడాడు. యూటా రాష్ట్రంలో మార్మన్ మత చరిత్రకు సంబంధించిన పత్రాలను, అమెరికా ప్రముఖుల లేఖలను కల్పించి అమ్మిన అతడు గుట్టు బయటపడుతుందనే భయంతో 1985 అక్టోబరులో బాంబులు పెట్టి ఇద్దరిని చంపాడు. అతని పత్రాల కాగితం కాలానికి సరిపోయింది. సిరా కూడా పాత పద్ధతిలో చేసినదే. ఆ సిరాను కృత్రిమంగా ముదిరించడం వల్ల ఉపరితలం మీద ఏర్పడిన సన్నని పగుళ్లు సూక్ష్మదర్శినిలో కనిపించి అతనిని పట్టించాయి. 1987 జనవరిలో నేరం ఒప్పుకున్నాడు. ద్రవ్యపరీక్ష ఒక పత్రం నకిలీ అని నిరూపించగలదు. నిజమైనదని మాత్రం నిరూపించలేదు. కొనేవారు తరచుగా మరచిపోయే భేదం ఇదే.

7. పరహస్తం, యంత్రహస్తం:

ఇంతవరకు చూసినవి మోసాలు. ప్రముఖుల సంతకాల విషయంలో మోసం అనలేని, నిజమని కూడా అనలేని మరొక వర్గం ఉంది. హాలీవుడ్ తారలకు వచ్చే ఉత్తరాలు వేలకు వేలు. జీన్ హార్లో ఫోటోలు చాలావాటిమీద సంతకం చేసింది ఆమె తల్లి. బీటిల్స్ బృందం కీర్తి శిఖరాన ఉన్న రోజులలో వారి సహాయకులు నీల్ ఆస్పినాల్, మాల్ ఎవన్స్ వారి బదులు సంతకాలు చేసేవారు. బృందంలో ఒకరు మిగిలినవారి పేర్లు రాయడం కూడా ఉండేది. అటువంటి పత్రం విషయంలో కాగితం, సిరా, కాలం, వచ్చిన మార్గం అన్నీ సరిగానే ఉంటాయి. బీటిల్స్ ఉన్న భవనం నుండే అది వచ్చి ఉంటుంది. చేయి మాత్రం వేరు. ఇక్కడ స్వహస్త పోలిక తప్ప మరో ప్రమాణం పనిచేయదు.

యంత్రం ఈ చిక్కును ఇంకా పెంచింది. రెండు కలాలను ఒకేసారి నడిపే సాధనాన్ని థామస్ జెఫర్సన్ 1804 నుండి వాడాడు. కానీ అందులో చేయి ఆయనదే. 1940లలో వాడుకలోకి వచ్చిన ఆటోపెన్ అనే యంత్రం వేరు. ఒక సంతకాన్ని మూసగా పెట్టుకొని, మనిషి లేకుండానే నిజమైన కలంతో, నిజమైన సిరాతో ఎన్నిసార్లయినా అదే సంతకం చేస్తుంది. అధ్యక్షుడు కెనడీ ఈ యంత్రాన్ని ఎంతగా వాడాడో వివరిస్తూ సంతకాల వ్యాపారి, పరిశోధకుడు చార్లెస్ హామిల్టన్ 1965లో ఒక గ్రంథమే రాశాడు. ఆటోపెన్ సంతకాన్ని గుర్తించే పద్ధతి హౌలండ్ కేసు సూత్రమే. ఒకే మూస నుండి వచ్చిన రెండు సంతకాలు ఒకదానిమీద ఒకటి అచ్చంగా కలుస్తాయి. గీత అంతటా ఒత్తిడి ఒకేలా ఉంటుంది.

2022 నవంబరులో బాబ్ డిలన్ కొత్త పుస్తకం స్వహస్త సంతకంతో 900 ప్రతులు, ఒక్కొక్కటి 599 డాలర్లకు విడుదలయ్యాయి. ప్రచురణసంస్థ అధిపతి సంతకంతో ప్రమాణపత్రం కూడా జతచేశారు. కొన్నవారు తమ ప్రతుల ఫోటోలను ఒకరితో ఒకరు పంచుకొని పోల్చి చూడగా, సంతకాలు కొద్ది మూసలలోనే పునరావృతమవుతున్నాయని గ్రహించారు. ప్రచురణసంస్థ క్షమాపణ చెప్పి డబ్బు తిరిగి ఇచ్చింది. తల తిరుగుడు జబ్బు, మహమ్మారి కాలపు ఇబ్బందులు కారణంగా 2019 నుండి యంత్రం వాడవలసి వచ్చిందని డిలన్ ప్రకటించాడు. ఈ ఉదంతంలో ఆగమానికి లోపం లేదు. పుస్తకం నేరుగా ప్రచురణసంస్థ నుండే వచ్చింది. ఆగమం కూడా ఒంటరిగా చాలదనడానికి ఇది నిదర్శనం. అంతకు మించి, ఒక్క సంతకాన్ని ఎంతసేపు చూసినా తేలని సత్యం అనేక సంతకాలను పక్కపక్కన పెట్టినప్పుడు తేలింది.

8. ప్రమాణపత్రం, ప్రత్యక్షసాక్షి:

కొనుగోలుదారులు సాధారణంగా ఆధారపడేది ప్రమాణపత్రం మీద. 1990ల చివర అమెరికా సమాఖ్య దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. 'ఆపరేషన్ బుల్‌పెన్' పేరుతో క్రీడాకారుల నకిలీ సంతకాల వలయాన్ని ఛేదించింది. 1999 అక్టోబరులో దాడులు జరిగాయి. బేబ్ రూత్ మొదలైన మరణించిన క్రీడాకారుల సంతకాలతో పాటు, మదర్ థెరిసా సంతకం చేసిన బేస్‌బాల్ బంతులు కూడా ఆ ముఠా తయారుచేసింది. మదర్ థెరిసా బంతి మీద ఎందుకు సంతకం చేస్తుందని దేశకాలయుక్తి అడుగుతుంది. వాటికి ప్రమాణపత్రాలు ఉన్నాయి కాబట్టి కొన్నవారు అడగలేదు. ప్రమాణపత్రాలు కూడా ఆ వలయంలో భాగమే. సంతకం కంటె ప్రమాణపత్రం తయారుచేయడం సులభం. శాన్ డియాగో జట్టు ఆటగాడు టోనీ గ్విన్ తన జట్టు దుకాణంలోనే తన పేరిట నకిలీ సంతకాలు అమ్ముతున్నారని గుర్తించి అధికారులకు చెప్పాడు.

దీని ఫలితంగా విపణి సాక్షిప్రమాణం వైపు మళ్లింది. 2001లో అమెరికా ప్రధాన బేస్‌బాల్ లీగు ఒక పద్ధతి ప్రవేశపెట్టింది. సంతకం జరిగే సమయంలో ఒక సాక్షి అక్కడే ఉండి, వెంటనే వస్తువుకు సంఖ్య గల హోలోగ్రామ్ అతికించి నమోదు చేస్తాడు. రాతను చూసి తరువాత ఊహించడానికి బదులు, రాసేటప్పుడే చూడటం దీని ఆంతర్యం. పాత వస్తువులకు ఈ పద్ధతి వర్తించదు. కాలిఫోర్నియా రాష్ట్రం క్రీడాస్మారకాలకు ఉన్న చట్టాన్ని 2017 జనవరి నుండి ప్రముఖుల సంతకాలున్న ఇతర వస్తువులకూ విస్తరించి, అమ్మేవారే ప్రామాణ్యానికి బాధ్యులని నిర్దేశించింది. తన పేరిట అమ్ముడవుతున్న నకిలీల గురించి గళమెత్తిన నటుడు మార్క్ హామిల్ ఆ విస్తరణకు మద్దతిచ్చాడు. రచయితల సంతకాలతో పుస్తకాలు అమ్మే దుకాణాలు ఇబ్బంది పడటంతో ఆ చట్టాన్ని అదే సంవత్సరం సవరించారు.

9. భారతీయ నేపథ్యం, తెలుగు అన్వయం:

సంతకం మీద అపనమ్మకమే ప్రపంచానికి మరొక ప్రమాణాన్ని ఇచ్చింది. 1858లో బెంగాలులో విలియం హెర్షెల్ అనే అధికారి, రాజ్యధర్ కోనాయ్ అనే గుత్తేదారు తరువాత తన సంతకం తనది కాదనకుండా ఒప్పందం మీద అతని అరచేతి ముద్ర వేయించాడు. వేలిముద్రల శాస్త్ర చరిత్రలో అది ఒక ప్రధాన ఘట్టం. 1904లో బెంగాలు ప్రభుత్వం చేతిరాత నిపుణుని పదవి ఏర్పరచింది. అది రెండేళ్లకు సిమ్లాకు మారింది. దాని వారసత్వంగా వివాదాస్పద పత్రాల ప్రభుత్వ పరీక్షకుల కార్యాలయాలు సిమ్లా, కలకత్తాలతో పాటు హైదరాబాదులోనూ ఏర్పడ్డాయి.

1872 నాటి సాక్ష్యచట్టం నిపుణుల అభిప్రాయాన్ని 45వ సెక్షనులో, చేతిరాతతో పరిచయమున్నవారి అభిప్రాయాన్ని 47లో, న్యాయస్థానమే పోల్చి చూడటాన్ని 73లో అనుమతించింది. 2024 జులై నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో ఇవే 39, 41, 72 సెక్షనులుగా కొనసాగుతున్నాయి. చేతిరాత నిపుణుని అభిప్రాయాన్ని తోసిపుచ్చనక్కరలేదు గానీ జాగ్రత్తగా స్వీకరించాలని మురారీలాల్ కేసులో సర్వోన్నత న్యాయస్థానం చెప్పింది. రాసినవానిని దగ్గరగా ఎరిగినవాని మాటకు చట్టం విలువ ఇవ్వడం గమనించదగ్గది. మితాక్షర చెప్పిన సంబంధ ప్రమాణానికి ఇది దగ్గరగా ఉంది.

గాంధీజీ సంతకానికి ఐదు రూపాయలు వసూలుచేసి హరిజన నిధికి ఇచ్చేవారు. 1933 చివర ఆయన హరిజనయాత్ర ఆంధ్రదేశంలో కూడా సాగింది. కాబట్టి తెలుగు ఇళ్లలో గాంధీజీ సంతకం దొరకడంలో దేశకాలయుక్తికి విరోధం లేదు. అయితే యుక్తికి విరోధం లేకపోవడం నకిలీకారునికి కూడా అనుకూలమే. నమ్మదగిన కథ ఉన్నచోటే నమ్మదగిన నకిలీ పుడుతుంది. ఆ కుటుంబంలో ఎవరు, ఏ ఊరి సభలో, ఎప్పుడు తీసుకున్నారన్న ఆగమం లేకుండా 'తాతగారి పెట్టెలో దొరికింది' అనే మాట ప్రమాణం కాదు.

చారిత్రక, సాహిత్య విలువ కలిగి 75 ఏళ్లు నిండిన రాతప్రతులు, పత్రాలు 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తాయి. తెలుగు రచయితల లేఖలు, సంతకంతో బహూకరించిన తొలిముద్రణ ప్రతులు ఇప్పుడు ఒకటొకటిగా ఆ వయసుకు చేరుకుంటున్నాయి. అవి గ్రంథాలయాలకు, పరిశోధకులకు చేరే సమయంలోనే వాటి ఆగమాన్ని నమోదుచేయకపోతే, రేపు వాటిని నమూనాలుగా వాడేవారు హాంబర్గ్ నిపుణుల స్థితిలోనే పడతారు.

10. కొనుగోలుకు ముందు అడగవలసిన ప్రశ్నలు:

పై ఉదంతాల నుండి ఒక క్రమం ఏర్పడుతుంది. తక్కువ శ్రమతో తేలే ప్రశ్న ముందు, నిపుణుడు కావలసిన ప్రశ్న తరువాత రావడం మంచిది.

1. ఆ వ్యక్తి ఆ వస్తువు మీద, ఆ కాలంలో సంతకం చేసే అవకాశం ఉందా? ఆ కాగితం, ఆ కలం అప్పటికి పుట్టాయా?
2. ఇది చేతిరాతేనా? అచ్చు, ముద్ర, యంత్రం కాదని తేలిందా? తెలిసిన ఇతర సంతకాలలో దేనితోనైనా అచ్చంగా కలుస్తోందా?
3. గీతలో వేగం, ఒత్తిడి భేదం ఉన్నాయా? బొమ్మ గీసిన జాడ ఉందా?
4. పోల్చే నమూనాలు ఎక్కడివి? కార్యాలయ దస్త్రాలు, రిజిస్టరైన దస్తావేజులు, గ్రంథాలయాలకు కుటుంబాలు నేరుగా ఇచ్చిన లేఖలు నమ్మదగినవి. అమ్మేవాడు చూపే నమూనాలు, ఇతర అమ్మకపు ప్రకటనల చిత్రాలు నమ్మదగినవి కావు.
5. ఆ వ్యక్తికి బదులుగా సంతకం చేసే సహాయకులు, బంధువులు ఉండేవారా?
6. సంతకం చేసిన చేతి నుండి అమ్మేవాని చేతి వరకు వస్తువు ఎవరెవరి దగ్గర ఉంది? ప్రతి మెట్టుకూ విడిగా ఆధారం ఉందా?
7. ప్రమాణపత్రం ఇచ్చినది ఎవరు? తప్పని తేలితే డబ్బు తిరిగి ఇస్తామని రాతపూర్వకంగా హామీ ఉందా?

వీటిలో ఏ ఒక్కదానికీ అనుకూలమైన జవాబు సంతకాన్ని నిజం చేయదు. మొదటి రెండింటిలో ఒక్క ప్రతికూలమైన జవాబు వచ్చినా కొనుగోలు ఆపివేయడానికి చాలు.

11. ముగింపు:

పరిశీలించిన ఉదంతాలను బట్టి ఈ అంశాలు తేలుతున్నాయి.

ఒకటి, ఆకారసామ్యం అన్ని ప్రమాణాలలోకి బలహీనమైనది. నకిలీకారుడు ముందుగా సాధించేది దానినే. మితిమీరిన సామ్యం దోషానికే గుర్తు.

రెండు, ద్రవ్యపరీక్షలకు ఖండించే శక్తి ఉంది. స్థాపించే శక్తి లేదు.

మూడు, నమూనాల శుద్ధి లేనిచోట నిపుణుని నైపుణ్యం తప్పును బలపరుస్తుంది.

నాలుగు, మనిషి చేతికీ మోసానికీ నడుమ సహాయకుని చేయి, యంత్రపు చేయి ఉన్నాయి. వాటిని గుర్తించడానికి అనేక సంతకాల సామూహిక పరిశీలన అవసరం.

ఐదు, ప్రమాణపత్రం అనేది మరొక సంతకం మాత్రమే. దాని ప్రామాణ్యాన్ని కూడా విచారించాలి.

ఆరు, స్వహస్త పోలిక, ఆగమం ఒకదానినొకటి సమర్థించినప్పుడే నిర్ణయానికి బలం వస్తుంది. బీటిల్స్, డిలన్ ఉదంతాలలో ఆగమం ఉండి స్వహస్తం లేదు. హిట్లర్ దినచర్యలలో స్వహస్తం ఉన్నట్లు కనిపించింది, ఆగమం లేదు. దినచర్యలు ఏ చేతి నుండి ఏ చేతికి వచ్చాయో విలేకరి చెప్పకుండా దాచినా పత్రిక పట్టుబట్టలేదు.

సందిగ్ధలేఖ్యాన్ని ఏ ఒక్క ప్రమాణంతోనో తేల్చకుండా, పలు ప్రమాణాల సమ్మేళనంతో తేల్చాలనే స్మృతికారుల దృష్టి ఆధునిక విపణికి కూడా వర్తిస్తుంది. తెలుగు విశ్వవిద్యాలయాలు, గ్రంథాలయాలు తమ దగ్గరున్న రచయితల లేఖలలో ఆగమం స్పష్టంగా ఉన్నవాటిని వేరుచేసి, కాలానుక్రమంలో నమూనా సంపుటాలుగా సిద్ధంచేయడం తక్షణం జరగవలసిన పని. ఆ రచయితలను, వారి చేతిరాతను దగ్గరగా ఎరిగినవారు జీవించి ఉండగానే ఆ పని జరిగితే సాక్షి ప్రమాణం కూడా దానికి తోడవుతుంది.